రెండు వందల ముప్పై డిగ్రీలు

మా వంటింట్లో ఉన్న ఓవెన్‌ని మేం కుంటిది అని పిలిచేవాళ్ళం. దాని నాలుగు కాళ్ళలో ఒకటి విరిగిపోతే నాన్న ఆ మూల కింద చెక్కముక్క పెట్టాడు. తలుపు వేసిన ప్రతిసారీ అది నిద్రలో పక్కకి తిరిగే మనిషిలా ఒకసారి కదిలి, చిన్నగా మూలిగి, మళ్ళీ సర్దుకునేది.

నేను పుట్టకముందు నాన్న, పెద్దనాన్న ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. వేరుపడిన రోజు సామాను పంచింది పెద్దమ్మే. కొత్త గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, గాజు గిన్నెలు ఆవిడ వైపు. అప్పటిదాకా ఎవరూ వాడని ఓవెన్ కూడా ఆవిడ వైపే. కానీ దాన్ని కిందికి దించుతుంటే మెట్ల మీద పెద్దనాన్న చెయ్యి జారింది. పది మెట్లు దొర్లి గోడకి కొట్టుకుని ఆగింది. కాలు విరిగింది, వేడి పెంచే నాబ్ ఊడి ఎక్కడో పడింది. పెద్దమ్మ పైమెట్టు మీద నిలబడి దానివైపు చూసి, అమ్మవైపు చూసి అందట:

"చెల్లికి వంటంటే ప్రాణం. ఇది తన దగ్గరుంటేనే అందం."

"పడ్డాక గుర్తొచ్చిందా చెల్లి?" అని నాయనమ్మ అడిగిందట. పెద్దమ్మ వినపడనట్టు లోపలికి వెళ్ళింది. అమ్మ చెప్పుల స్టాండు కింద దొరికిన నాబ్‌ని మాత్రం తుడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

కొత్త ఇంట్లో నాన్న ఆ నాబ్‌ని జిగురుతో అతికించాడు. లోపలి గాడి పగిలిపోవడంతో అది ఎటు తిప్పి పెట్టినా కూర్చునేది. ఏ అంకె ఎక్కడ ఉండాలో ఆయనకు తెలియదు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "స్టీరింగ్ అయితే నిటారుగా పెట్టేవాణ్ణి" అని ఇప్పటికీ నవ్వుతాడు. అలా కుంటిది అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టింది. నాబ్ ఒకటి చెబుతుంది, లోపలి వేడి ఇంకొకటి చెబుతుంది. అంకె ఊహించి అమ్మ చేసిన మొదటి మూడు కేకులూ తెల్లగా, తడిగా, జ్వరం తగ్గని పిల్లల ముఖాల్లా వచ్చాయి. నాలుగోసారి అమ్మ అంకెలవైపు చూడలేదు. తలుపు తెరిచి, చేతి వెనకవైపు లోపల పెట్టి, కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. ఏడు దగ్గర చెయ్యి తీసేయాలనిపిస్తే అది కేకు వేడి. నాలుగు దగ్గరే అనిపిస్తే రొట్టె వేడి.

వేడిని అలా చదవడం అమ్మకు ఉద్యోగం నేర్పింది. పెద్దాసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ విభాగం ఆమెది. ఉదయం ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఆవిరి మిషన్ ముందు నిలబడి దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు. ఇంటికొచ్చేసరికి ఆమె జుట్టు నుంచి వాన వెలిసిన మేడ మీద ఆరేసిన బట్టల వాసన వచ్చేది.

అందుకే మా ఇంట్లో వంట ఇద్దరు చేసే పని. పొద్దున ఐదింటికి అమ్మ పిండి కలిపి, మూత పెట్టి, నాకోసం పుస్తకం తెరిచి ఉంచి వెళ్ళేది. నాలుగింటికి బడి నుంచి వచ్చి మిగతాది నేను పూర్తి చేసేదాన్ని. నీలం అట్ట, నూలు దారంతో కుట్టిన పుస్తకం అది. నేను చేతి వెనకవైపుతో చదవలేను కాబట్టి అమ్మ నాకోసం అంకెలు రాసింది. కుంటిదాని నాబ్ మీద చూసి రాసిన అంకెలు. 'రొట్టె: రెండు వందల అరవై. నీ చెల్లి లెక్కలు పూర్తయ్యేలోపు తీసేయి.' 'బిస్కెట్లు: రెండు వందల ఇరవై. నాయనమ్మ లేచి టీ అడిగేదాకా.' 'నారింజ కేకు: రెండు వందల ముప్పై. ముప్పావు గంట. మధ్యలో తలుపు తెరిచావో, చెవి మెలిపెడతా.'

నాకు పదమూడేళ్ళు నిండిన ఏడు అమ్మకు దగ్గు పట్టుకుంది. ముందు చిన్నగా, తలుపు తట్టి లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టు. తర్వాత అడగడం మానేసింది. పనిచేసే ఆసుపత్రిలోనే డాక్టరుకి చూపించుకుంది. ఆయన తన కోటు అమ్మే ఇస్త్రీ చేస్తుందని తెలియక, "ఆ ఆవిరిలో ఇంకో రెండేళ్ళుంటే ఊపిరితిత్తులు మేం మీవి కాదు పొమ్మంటాయి. ఆ పని మానెయ్యండి" అన్నాడు.

"మానేస్తే పొయ్యి కూడా మానెయ్యాలి" అంది అమ్మ, ఇంటికొచ్చి మాకు చెబుతూ. అందరం నవ్వాం. నాన్న నవ్వలేదు.

ఆ నెలలోనే మెయిన్ రోడ్డు మీది వంటసామాన్ల షాపు అద్దానికి ఒక కాగితం అంటించారు. ప్రతి శనివారం, ఆదివారం షాపులోనే బేకింగ్ నేర్పడానికి ఒకరు కావాలి. హోటల్ మనుషులు వద్దు, ఇంట్లో వండే చెయ్యి కావాలి. ఫారం నింపి, చేసిన వంటకం ఒకటి దానితో ఇవ్వాలి. జీతం లాండ్రీకి ఏమాత్రం తక్కువ కాదు. ఆవిరి లేదు. నాన్న ఆ కాగితంలోని మాటలన్నీ బస్సు ఆపి చదివి గుర్తుపెట్టుకుని వచ్చాడు. వెనక హారన్లు కొట్టినా కదల్లేదట.

ఆ ఆదివారం అమ్మ నారింజ కేకు చేసింది. వెన్న, చక్కెర తెల్లబడేదాకా గిలకొట్టింది. ఒక్కో గుడ్డూ వేసి, అది పూర్తిగా కలిసిపోయాకే రెండోది. నారింజ తొక్క మీది రంగు మాత్రమే తురిమింది, కింది తెలుపు తగలకుండా. వంటిల్లంతా ఎవరో కొత్తగా సున్నం వేసి, కిటికీలు తెరిచి, లోపలికి సాయంత్రాన్ని పిలిచినట్టయింది. ఆమెకు ఉన్నది ఒకటే కేకు టిన్ను. నా చెల్లి దాన్ని డోలు చేసి నేలకేసి కొట్టి ఒకవైపు సొట్ట పెట్టింది. అందుకే మా ఇంటి కేకులన్నిటికీ నడుము దగ్గర బొటనవేలంత లోతు ఉండేది. "అది నా సంతకం" అనేది చెల్లి గర్వంగా.

సోమవారం అమ్మకు సెలవు దొరకలేదు. షాపు వెనక వీధిలోనే పెద్దమ్మ వాళ్ళిల్లు. పొద్దున్నే వచ్చి, "నేను అటే వెళ్తున్నా కదా చెల్లీ, ఇలా ఇవ్వు" అని ఫారం, కేకు రెండూ తీసుకెళ్ళింది. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి, "కుదుపు తగలకుండా చూడక్కా" అంది.

పది రోజులు గడిచాయి. షాపు నుంచి ఏ కబురూ లేదు. అమ్మ దగ్గు వింటూ ఆ పది రోజులూ లెక్కపెట్టాను.

పదకొండో రోజు సాయంత్రం చెల్లికి పెన్సిళ్ళు కొనడానికి అమ్మా నేనూ మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళాం. షాపు అద్దం మీద కొత్త పోస్టరు ఉంది. దాని నిండా పెద్దమ్మ. తల కాస్త పక్కకి వంచి, చేతుల్లో కేకు పట్టుకుని నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలు: 'ఇంటి రుచి, ఇంటి చెయ్యి. వచ్చే శనివారం పదకొండు గంటలకు అందరి ముందూ కేకు చేసి చూపిస్తారు. అందరూ ఆహ్వానితులే.'

అమ్మ పెద్దమ్మ ముఖం చూడలేదు. కేకునే చూసింది. వేలితో అద్దం మీద ఒక చోట తాకింది.

"సొట్ట" అంది.

వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టింది. మేం పెన్సిళ్ళు కొనడం మర్చిపోయాం. గేటు దగ్గర ఆగి నా వైపు తిరిగి, "ఈ సంగతి నీకూ నాకూ మాత్రమే తెలుసు. నోరు విప్పకు" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టు ఉంది.

మర్నాడు పొద్దున ఐదింటికి పిండి చప్పుడుకి ఇల్లంతా లేచింది. నాయనమ్మ మంచం మీంచే అడిగింది, "ఆ పిండి నీకేం అపకారం చేసిందమ్మా, అలా బాదుతున్నావు?"

"పిండి ఏం చేయలేదు అత్తయ్యా."

"మరెవరు చేశారు?"

"మీ టీ చల్లారుతోంది."

ఆ శనివారం, పోస్టరులో చెప్పిన రోజుకి ఇంకా వారం ఉండగా, పెద్దమ్మే వచ్చింది. సోఫా అంచున కూర్చుని, బాధపడినట్టు నిట్టూర్చి, "ఆ ఫారం సంగతి ఏం చెప్పను చెల్లీ. గడువు అయిపోయిందన్నారు. ఎంత బతిమాలానో తెలుసా, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ" అంది.

"అయ్యో, నాకోసం నువ్వు అంత దిగజారాలా అక్కా" అంది అమ్మ.

"కేకు మాత్రం వాళ్ళు ఉంచుకున్నారు. తిని ఉంటారు."

"తింటే తిన్నారులే. బాగుందన్నారా?"

"ఆఁ... బాగుందన్నట్టే ఉన్నారు." పెద్దమ్మ మంచినీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టి, "అన్నట్టు, వచ్చే ఆదివారం మా ఇంటికి చుట్టాలొస్తున్నారు. ఆ నారింజ కేకు నా చేత్తో చేసి పెడదామని. ఆ నీలం పుస్తకం వారం రోజులు ఇస్తావా?" అంది.

నేను అమ్మవైపు చూశాను. ఇప్పుడు అడిగేస్తుంది అనుకున్నాను. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి పుస్తకం తెచ్చి, చిరిగిపోయిన అంచుని బొటనవేలితో సరిచేసి, పెద్దమ్మ చేతిలో పెట్టింది.

"ఉట్టి పుస్తకం చూసి ఏం వస్తుంది అక్కా. మీ ఇంట్లో ఓవెన్ కూడా లేదు. రేపు రా, ఇక్కడే ఒకసారి చేసి చూసుకో. చెయ్యి తిరుగుతుంది."

పెద్దమ్మ కళ్ళు తడి అయ్యాయి. నిజంగానే అయ్యాయి, నేను చూశాను. "నీ మనసు ఎవరికొస్తుందే" అంది.

మర్నాడు ఆవిడ మా వంటింట్లో కేకు చేసింది. గుడ్డు పెంకు పిండిలో పడింది, తీసింది. తొక్క తెల్లగా అయ్యేదాకా తురిమింది. అమ్మ స్టూలు మీద కూర్చుని బటానీలు వలుస్తూ ఏదీ దిద్దకుండా చూసింది. పెద్దమ్మ పుస్తకం కంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"రెండు వందల ముప్పయ్యా? అంతా?"

"ఈ ఓవెన్‌లో అంతే పెడతాను అక్కా" అంది అమ్మ.

'ఈ ఓవెన్‌లో' అన్న మాట అమ్మ ఎంత నిదానంగా, ఎంత స్పష్టంగా అందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పెద్దమ్మ అంకెని మాత్రమే విన్నది. నాబ్ తిప్పుతూ తనలో తాను రెండుసార్లు అనుకుంది, బడిలో ఎక్కం వల్లెవేసినట్టు. నాకు జాలేసింది. "పెద్దమ్మా, ఆ నాబ్..." అని నోరు తెరిచాను.

అమ్మ చెంచాడు పచ్చిపిండి నా నోట్లో పెట్టింది. "తీపి సరిపోయిందా చూడు" అంది. నా కళ్ళలోకి చూస్తూ అంది. మింగడానికి చాలాసేపు పట్టింది.

కేకు అద్భుతంగా వచ్చింది. కుంటిది తన అబద్ధాన్ని ఎప్పట్లాగే నిజం చేసింది. పెద్దమ్మ దాన్ని పట్టుకుని వెళ్తూ గేటు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది, రైలెక్కిన మనిషిలా.

సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే నేను అడిగాను. "చెల్లి పుట్టినప్పుడు నెల్లాళ్ళు నన్ను పెద్దమ్మే చూసుకుంది కదమ్మా."

"చూసుకుంది. జడ నాకంటే బాగా వేసేది."

"మరి?"

"అందుకే ఇంత మర్యాదగా ఉన్నాను. అది లేకపోతే వాళ్ళ గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అడిగేదాన్ని." అమ్మ దగ్గింది. గోడకి ఆనుకుని, దగ్గు వెళ్ళిపోయేదాకా ఆగి, మళ్ళీ గిన్నె అందుకుంది. "అడిగితే ఏమంటుంది? ఏడుస్తుంది. తప్పయిపోయిందంటుంది. మీ నాన్న వదలెయ్యమంటాడు. నేను వదిలేస్తాను. సోమవారం మళ్ళీ ఆవిరి ముందు నిలబడతాను. వద్దు. తీసుకున్నది నా పుస్తకం కదా, దాన్నే మాట్లాడనీ."

బస్సు రూటు మారడంతో ఆ పోస్టరు చూడని నాన్న శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర అడిగాడు, "రేపు సెలవు పెట్టావట, ఎందుకు?"

"వంట నేర్చుకోవడానికి" అంది అమ్మ.

శనివారం అమ్మ అందరికంటే ముందు తయారైంది. ఇస్త్రీ మనిషి కదా, బట్టల మీద ఒక్క ముడత లేదు. గుడ్డ సంచిలో ఏదో పెట్టుకుని ఒడిలో పట్టుకుంది. షాపు పైఅంతస్తులో నలభై కుర్చీలు, ఎదురుగా పొడవాటి బల్ల, గోడకి వరసగా కొత్త ఓవెన్లు. వాటి తలుపులు గాజువి. వెండి నాబ్‌ల మీద అంకెలు అప్పుడే రాసినట్టు మెరుస్తున్నాయి. మేం మూడో వరసలో కూర్చున్నాం.

పెద్దమ్మ ముత్యాల రంగు ఏప్రాన్ వేసుకుని వచ్చింది. నవ్వుతూ జనాన్ని చూసుకుంటూ వచ్చి, మూడో వరస దగ్గర ఆగిపోయింది. ఆవిడ ముఖంలోని నవ్వు అక్కడే ఉండిపోయింది గానీ దాని వెనక మనిషి లేదు. అమ్మ చిన్నగా తలాడించింది. చప్పట్లు కొట్టింది కూడా. అమ్మని చూసి పక్కవాళ్ళు కొట్టారు. పెద్దమ్మ తేరుకుంది. ధైర్యం గలదే ఆవిడ.

"ఇది మా ఇంటి పద్ధతి. చాలా ఏళ్ళుగా నేను చేస్తున్నదే. అదిగో, మా చెల్లి. తను కూడా నా దగ్గరే నేర్చుకుంది" అంది.

అందరూ తల తిప్పి అమ్మని చూశారు. అమ్మ ఒడిలోని సంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అప్పటిదాకా నాకు పెద్దమ్మ మీద మిగిలిన జాలి అంతా ఆ మాటతో చల్లారిన టీలా అయిపోయింది.

పిండి కలిపింది. తొక్క తురిమింది. షాపు మేనేజరమ్మ, కళ్ళద్దాలు గొలుసుకి వేలాడేసుకున్న సన్నటి మనిషి, పక్కనే నిలబడి ఓవెన్ వైపు చూసి, "వేడి ఎంత పెడుతున్నారు?" అని అడిగింది.

"రెండు వందల ముప్పై."

"కేకుకా? కొంచెం ఎక్కువేమో చూసుకోండి."

"మా ఇంటి పద్ధతే అంత" అంది పెద్దమ్మ. మొన్ననే మా వంటింట్లో తన చేత్తో చేసి, తన కళ్ళతో చూసుకున్న కేకు అది. అందుకే ఆవిడ గొంతులో అనుమానమే లేదు.

కొత్త ఓవెన్ అబద్ధం ఆడదు. ఇరవై నిమిషాలకే గాజు తలుపు వెనక కేకు అంచులు గోధుమరంగు దాటిపోయాయి. నడినెత్తి పగిలి, అందులోంచి పచ్చిపిండి పొంగి కారుతోంది. వాసన మొదలైంది. ముందు చక్కెర కాలే వాసన, అది బాగానే ఉంటుంది. తర్వాతది బాగుండదు. మేనేజరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది.

"రంగు అలాగే వస్తుంది" అంది పెద్దమ్మ. నుదుటి మీద చెమట. ముప్పావు గంట అని పుస్తకంలో ఉంది. పుస్తకం దాటి పోవడానికి ఆవిడకి వేరే దారి తెలియదు.

మొదటి వరసలో చేతికర్ర పట్టుకున్న ముసలాయన, "ఇంకాస్త రంగొస్తే నా బూట్లకి రాసుకోవచ్చు" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒక్కో వరసా దాటుకుంటూ వెళ్ళింది. అమ్మ నవ్వలేదు. బల్లవైపే చూస్తోంది, కళ్ళు ఆర్పకుండా, ఆకలిగా ఉన్నవాళ్ళు గిన్నె మూత వైపు చూసినట్టు.

పొగ వచ్చాక మేనేజరమ్మే ఓవెన్ కట్టేసింది. పెద్దమ్మ కేకుని బయటికి తీసి, బోర్లించి, కత్తి పెట్టింది. పైపెంకు టక్కుమంది. లోపలి నుంచి పసుపు పిండి తెల్లటి పళ్ళెంలోకి నిదానంగా కారింది. పెద్దమ్మ తలెత్తి మూడో వరసవైపు చూసింది.

"చెల్లీ" అంది. చిన్నపిల్లలా అంది. "పుస్తకంలో ఉన్నంతే పెట్టానే."

"అవునక్కా. నా పుస్తకంలో ఉన్నంతే పెట్టావు" అంది అమ్మ, కూర్చున్న చోటు నుంచే.

మేనేజరమ్మ అటూ ఇటూ చూసింది. "ఎవరి పుస్తకం?"

అమ్మ లేచింది. ఆ కుర్చీల మధ్య నుంచి నడుస్తుంటే ఆమె దగ్గు కూడా దారి ఇచ్చింది. బల్ల దగ్గరికి వెళ్ళి నీలం పుస్తకం అందుకుని మొదటి పేజీ తెరిచింది. అక్కడ నా పేరు ఉంది, కింద 'అమ్మ' అని ఉంది. తర్వాత గుడ్డ సంచిలోంచి కేకు టిన్ను తీసింది. గోడ మీద అదే పోస్టరు ఉంది. టిన్నుని పోస్టరులోని కేకు పక్కన పెట్టి, సొట్ట పక్కకి సొట్ట వచ్చేలా తిప్పింది. బొటనవేలంత లోతు. మాట అవసరం లేకపోయింది. ముసలాయన చేతికర్రతో నేలమీద ఒకసారి కొట్టాడు, న్యాయమూర్తిలా.

"ముందే చెప్పొచ్చు కదే" అంది పెద్దమ్మ.

"నువ్వూ చెప్పొచ్చు కదా అక్కా" అంది అమ్మ.

మేనేజరమ్మ టిన్నుని తిప్పి చూసి, "టిన్ను మీదే అని ఒప్పుకుంటాను. చెయ్యి కూడా మీదేనని నాకెలా తెలియాలి? పుస్తకంలో ఉన్న వేడి అయితే తప్పే కదా" అంది.

అప్పుడు నాకు భయమేసింది. అమ్మ ఎన్నడూ కుంటిది తప్ప ఇంకో ఓవెన్ ముట్టుకోలేదు. అంకెల నిజం మాకెవరికీ తెలియదు. తేడా ఉందని తెలుసు గానీ ఎంతో తెలియదు. ఇక్కడ తప్పితే పెద్దమ్మ పళ్ళెం పక్కన ఇంకో పళ్ళెం, సోమవారం మళ్ళీ ఆవిరి.

అమ్మ చేతులు కడుక్కుంది. పిండి కలిపింది. పెద్దమ్మ వాడని ఇంకో ఓవెన్ దగ్గరికి వెళ్ళి నాబ్ తిప్పింది, అంకెలు కనపడకుండా అరచేత్తో కప్పి. తలుపు తెరిచింది. చేతి వెనకవైపు లోపల పెట్టి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. నాబ్ కొంచెం తిప్పింది, ఆగింది, మళ్ళీ చెయ్యి పెట్టింది. నలభైమంది ఆమెతో పాటు లెక్కపెట్టడం నాకు వినిపించింది. ఏడు దగ్గర చెయ్యి తీసింది.

"ఎంత పెట్టారు?" అంది మేనేజరమ్మ.

"నేను చూడలేదు. మీరే చూసి చెప్పండి."

మేనేజరమ్మ వంగి చూసింది. "నూట ఎనభై."

యాభై తేడా అని మాకు తెలిసింది ఆ రోజే.

ముప్పావు గంట ఎవరూ లేవలేదు. నారింజ వాసన మాడువాసనని ఒక్కో కుర్చీ కింద నుంచి తరుముతూ వచ్చింది. అమ్మ కేకు బోర్లించినప్పుడు అది సొట్టతో సహా మెత్తగా పళ్ళెంలో కూర్చుంది. మొదటి ముక్క ముసలాయనకి. ఆయన నమిలి, "దీన్ని బూట్లకి రాయను" అన్నాడు. మేనేజరమ్మ రెండో ముక్క కూడా తిన్నాకే అడిగింది, వచ్చే శనివారం నుంచి రాగలరా అని.

"వస్తాను" అంది అమ్మ. "ఆ పోస్టరు మార్చండి. నా ముఖం అక్కర్లేదు. కేకు ఒక్కటీ ఉంచండి చాలు."

వెళ్ళేముందు చెయ్యి కడుక్కునే చోట పెద్దమ్మ కనిపించింది. షాపు టిన్నుని చెంచాతో గోకుతోంది. భుజాలు కదులుతున్నాయి. అమ్మ పక్కన నిలబడింది. ఓదారుస్తుందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఓదార్చకూడదని కోరుకున్నాను.

"నానబెట్టక్కా" అంది అమ్మ మెత్తగా. "మాడింది అలా గోకితే పోదు."

అంతే. పుస్తకం సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. రోడ్డు మీద ఆమె నడక నాకు కొత్తగా అనిపించింది. పెన్సిళ్ళు గుర్తుపెట్టుకుని కొంది.

ఆ సాయంత్రం నాన్న అంతా విన్నాడు. "వదిన కదా..." అన్నాడు చివరికి.

"పదిహేనేళ్ళ కింద మెట్ల మీద కూడా వదినే" అంది నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకునే. ఆయన లేచి పనిముట్ల డబ్బా తెచ్చి కుంటిదాని ముందు చతికిలబడ్డాడు. "తేడా ఎంతో తెలిసిందిగా. ఈ నాబ్ ఊడదీసి సరిగ్గా పెట్టేస్తా. పాపం, అదైనా ఇక నిజం చెబుతుంది."

"ముట్టుకోకండి" అంది అమ్మ. "అలాగే ఉండనివ్వండి. ఇంకా ఎవరైనా రావచ్చు."

అమ్మ లాండ్రీ మానేసింది. దగ్గు వెంటనే పోలేదు. వచ్చినట్టే మెల్లగా, తలుపు దగ్గర ఆగి ఆగి వెళ్ళింది. వారంలో రెండు రోజులు షాపు, మిగతా రోజులు మా వంటిల్లు. షాపులో నేర్చుకునేవాళ్ళకి నిజం అంకెలే చెప్పేది. నీలం పుస్తకంలో మాత్రం ఒక్క అంకె దిద్దలేదు.

నాలుగు నెలల దాకా పెద్దమ్మ మా గడప తొక్కలేదు. ఒక శుక్రవారం బడి నుంచి వస్తుంటే వాళ్ళ గేటు దగ్గర నన్ను ఆపింది. చిక్కిపోయింది. నా జడ చేతిలోకి తీసుకుని, ఊడిపోయిన రిబ్బను మళ్ళీ కట్టింది, చిన్నప్పుడు కట్టినట్టే. వాళ్ళ వరండాలో అట్టపెట్టె ఉంది, దాని మీద ఓవెన్ బొమ్మ.

"కొన్నాం" అంది. "చుట్టాలు నిజంగానే వస్తున్నారే ఈసారి. మీ అమ్మ ఆ రోజు ఎంత పెట్టిందో నాకు వినపడలేదు. నాకు చెప్పదు. నువ్వు అడిగి చెప్తావా?"

నాకు తెలుసు. నూట ఎనభై. నాలిక చివర ఉంది. నా జడలో ఆవిడ వేళ్ళు ఇంకా ఉన్నాయి. అయినా ఇంటికి వెళ్ళి అమ్మని అడిగాను. అమ్మ వెన్న గిలకొడుతోంది. చెయ్యి ఆపలేదు.

"పుస్తకం వారం రోజులు తన దగ్గరే ఉంది కదా. రాసుకునే ఉంటుంది. చూసుకోమను."

నేను తిరిగి వెళ్ళాను. పెద్దమ్మ గేటు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "రాసుకున్నది చూసుకోమంది పెద్దమ్మా" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను కూడా చూశాను. కళ్ళు నేను దించలేదు.

ఆదివారం మధ్యాహ్నం మేం భోంచేస్తుంటే ఆ వీధి వైపు నుంచి గాలి తిరిగింది. ముందు చక్కెర కాలే వాసన. తర్వాత రెండోది. నాయనమ్మ ముక్కు ఎగబీల్చింది. నాన్న తల వంచుకుని తింటున్నాడు.

అమ్మ చెయ్యి కడుక్కుని లేచి, ఆ వైపు కిటికీ రెండు తలుపులూ తెరిచింది.